బేరూత్ బాన్‌ఫిల్స్ స్టూడియో ఫోటోలు: తీసింది ఎవరు, కూర్చున్నది ఎవరు?

గాజుపలక (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. లెబనాన్, సిరియా ప్రాంతాల పాత దుస్తుల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. బొమ్మల కోసం వెతికితే 1870ల నాటి బాన్‌ఫిల్స్ స్టూడియో ఫోటోలే ఎక్కువగా తగులుతున్నాయి. వాటిలో ఒకటి నన్ను వదలడం లేదు. ఒక ద్రూజ్ స్త్రీ (ద్రూజ్‌లు అంటే లెబనాన్, సిరియా ప్రాంతాల్లోని ఒక మతవర్గం). నెత్తిమీద తంతూర్ అనే పొడవాటి లోహపు కొమ్ము, దాని కొసనుంచి వెనక్కి జారిన తెల్లటి మేలిముసుగు. ఫోటో అడుగున ఒక నంబరు, 'లెబనాన్ ద్రూజ్ స్త్రీ' అని ఫ్రెంచిలో నాలుగు ముక్కలు. అంతే. ఆవిడ పేరు లేదు, ఊరు లేదు.

రెండు సందేహాలు. ఫోటోగ్రాఫర్ పేరు దగ్గర అందరూ ఫెలిక్స్ బాన్‌ఫిల్స్ అనే రాస్తున్నారు. అది సరైనదేనా? రెండోది, కింద రాసినదాన్ని నమ్మి 'ఆనాటి ద్రూజ్ స్త్రీల దుస్తులు ఇవి' అని వ్యాసంలో పెట్టేయొచ్చా?

సెపియా

మొదటి ప్రశ్న అడిగినందుకు సంతోషం అండీ. ఆ ఇంటి సంగతి తెలిస్తే జవాబు సగం దొరికినట్టే.

ఫెలిక్స్ బాన్‌ఫిల్స్ 1831లో దక్షిణ ఫ్రాన్స్‌లో పుట్టాడు. 1860లో ఫ్రెంచి సైన్యంతో లెబనాన్ వచ్చి వెళ్లాడు. ఆ దేశం మనసులో పడిపోయింది. 1867లో భార్య లిడీని, పిల్లలు ఫెలిసితే, ఆడ్రియన్‌లను వెంటబెట్టుకుని బేరూత్ వచ్చి స్టూడియో పెట్టాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1871లో, ఈజిప్టు, పాలస్తీనా, సిరియా, గ్రీసు దృశ్యాలవి 15,000 ప్రింట్లు, 9,000 స్టీరియో వ్యూలు (ప్రత్యేక పరికరంలో చూస్తే లోతు కనిపించే జంట ఫోటోలు) తన దగ్గర ఉన్నాయని ఫ్రెంచి ఫోటోగ్రఫీ సంఘానికి రాశాడు. ఆ రోజుల పద్ధతిలో ఇంత సరుకు ఒక్క మనిషి చేతిమీదుగా రావడం జరిగే పని కాదు.

1876లో ఫెలిక్స్ ఫ్రాన్స్ వెళ్లి అలెస్‌లో ఫోటోల ముద్రణ పని మొదలుపెట్టాడు. 1885లో చనిపోయాడు. బేరూత్‌లో స్టూడియోను నిలబెట్టింది లిడీ, ఆడ్రియన్. కొన్నాళ్లకు ఆడ్రియన్ కూడా ఫోటోలు వదిలేసి కొండమీద బ్రుమ్మానాలో హోటల్ నడపడానికి వెళ్లిపోయాడు. లిడీ కదల్లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, అమెరికా నౌక ఎక్కించి ఆవిడను ఈజిప్టుకు తరలించేదాకా బేరూత్‌లోనే ఉంది. 1918లో కైరోలో కన్నుమూసింది. అన్నేళ్లూ ఆ వ్యాపారాన్ని అంటిపెట్టుకుని ఉన్నది ఆవిడ. పేరు మాత్రం ఫెలిక్స్‌ది.

స్టూడియోలో తీసిన ఆడవాళ్ల ఫోటోల్లో చాలావాటిని పరిశోధకులు ఇప్పుడు లిడీవిగా భావిస్తున్నారు. పరాయి మగవాడి కెమెరా ముందు కూర్చోవడానికి అక్కడి స్త్రీలు ఒప్పుకునేవారు కాదు, ఆడమనిషి అయితే ఒప్పుకునేవారు అని వాళ్ల వాదన. కానీ అన్ని ప్రింట్ల మీదా 'బాన్‌ఫిల్స్' అనే ఒక్క ముద్రే. ఏది భర్త తీసింది, ఏది భార్య తీసింది, ఏది కొడుకు తీసింది అని ఒక్కో ఫోటోకి తేల్చడం కష్టం. అందుకని 'బాన్‌ఫిల్స్ స్టూడియో, బేరూత్' అని రాయడమే న్యాయం. ఆ పక్కనే లిడీ పేరు కూడా వ్యాసంలో ఎక్కడో ఒకచోట రావాలని నా కోరిక.

కెమెరా తాతయ్య

తెనాలి దగ్గర నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి. గాజు ప్లేట్లతో పనిచేసినవాళ్ల దగ్గర నేర్చుకున్నాను కనుక రెండు మాటలు.

గాజుపలక గారూ, దుస్తుల మీద రాస్తున్నానన్నారు కాబట్టి ముందు రంగుల విషయంలో జాగ్రత్త పడండి. ఆ కాలం కొలోడియన్ ప్లేటు (కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసిన గాజుపలక) నీలి వెలుగును మాత్రమే బాగా పట్టుకుంటుంది. ఎరుపు, పసుపు దానికి దాదాపు కనిపించవు. కాబట్టి ఫోటోలో నల్లగా ఉన్న జాకెట్ నిజానికి కుంకుమ ఎరుపు కావచ్చు. తెల్లగా ఉన్న పావడా లేత నీలం కావచ్చు. మొహం ఛాయ కూడా ఉన్నదానికంటే నల్లగా వస్తుంది. రంగులు వేసిన ప్రింట్లు దొరికాయని సంబరపడకండి. ఆ రంగు వేసిన మనిషి ఆ బట్టను కళ్లతో చూసి ఉంటాడన్న నమ్మకం లేదు.

ఇక పని సంగతి. గాజు మీద కొలోడియన్ పోసి, పలక అంతా సమంగా పారేలా వంచి, వెండి నైట్రేటు తొట్టిలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడిగేయాలి. ఎండ దేశాల్లో ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకే డార్క్ రూమ్ స్టూడియోని ఆనుకునే ఉండాలి. పైన గాజు కప్పు, పక్కన వెలుతురును అదుపు చేసే తెరలు. కూర్చున్నవాళ్లు కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టి ఉండాలి. తల ఊగకుండా వెనక ఒక ఇనప స్టాండు, దానికి మెడ దగ్గర పట్టుకునే కొక్కెం. ఇలాంటి ఫోటోలు చూసేటప్పుడు కాళ్ల వెనక నేలమీద చూడండి. ఆ స్టాండు దిమ్మ చాలాసార్లు దొరికిపోతుంది.

ప్రింటు కాగితానికి కోడిగుడ్ల తెల్లసొన పూయాలి. లిడీ గారి ఇంట్లో ఈ పని ఎంత సాగిందంటే, జన్మలో మళ్లీ గుడ్డు వాసన చూడను అని ఆవిడ అన్నట్టు చెప్పుకుంటారు. ఆ వాసన ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక ఆ తల్లి మీద గౌరవం పెరిగింది.

ఎర్రతోట

ఇదంతా చదువుతుంటే మనం పనితనాన్ని పొగడటంలో పడి అసలు విషయం వదిలేస్తున్నామనిపిస్తోంది. ఈ ఫోటోలు ఎవరి కోసం తీశారు? యూరప్ నుంచి పవిత్రభూమి చూడటానికి వచ్చే యాత్రికులకు అమ్మడానికి. వాళ్లకు ఏం కావాలో అదే తయారుచేశారు. ఎడారి సంచార బెదూయిన్, యూదుల మతగురువు రబ్బీ, నాట్యగత్తె, హుక్కా పట్టిన పాషా (ఆటోమన్ దొర). మనుషులు కాదు, రకాలు.

రోజర్ ఫెంటన్ సంగతి తెలిసిందే కదా. క్రిమియా యుద్ధం ఫోటోలు తీసిన పెద్ద మనిషి. 1858లో లండన్‌లో, తన సొంత స్టూడియోలో, తూర్పుదేశపు అంతఃపురాల దృశ్యాలంటూ సుమారు 50 ఫోటోలు తీశాడు. అందులో పేరుపడ్డదానిలో దిండ్ల మీద కూర్చున్న పాషా ఎవరో కాదు, ఫెంటనే. వాయిద్యం పట్టుకున్నవాడు ఆయన స్నేహితుడైన ఒక ఇంగ్లీషు చిత్రకారుడు. నాట్యం చేస్తున్న అమ్మాయి పైకెత్తిన చేతులు అన్ని సెకన్లు నిలవవు కనుక పైనుంచి తీగలతో కట్టారు. ఆ తీగలు ఫోటోలో కనిపిస్తాయి కూడా.

ఇలాంటివాటిని దుస్తుల వ్యాసంలో సాక్ష్యంగా పెట్టడమంటే ఆ అబద్ధాన్ని ఇంకో భాషలోకి మోసుకురావడమే. పెట్టొద్దు అని నా సలహా.

సెపియా

ఎర్రతోట గారూ, ఫెంటన్ విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఫెంటన్‌నీ బాన్‌ఫిల్స్‌నీ ఒకే గాటన కట్టొద్దు. ఫెంటన్ లండన్‌లో ఇంగ్లీషువాళ్లకు వేషం కట్టాడు. బేరూత్ స్టూడియోలో కూర్చున్నవాళ్లు అక్కడివాళ్లు. లిడీకి ఆ ఊరితో సగం శతాబ్దపు బంధం ఉంది. వాళ్ల మధ్య ఏదో ఒక మాట జరిగింది, ఎంతో కొంత డబ్బు చేతులు మారి ఉంటుంది. ఆ ఫోటోలో అబద్ధమూ ఉంది, ఒక నిజమైన మనిషీ ఉంది. తీసి పారేస్తే ఆవిడ కూడా పోతుంది.

మీ వాదనకు బలమిచ్చే మాట కూడా నేనే చెప్తాను. తంతూర్ కొమ్ము 1870ల నాటికే వాడుక తప్పిపోతున్న నగ. అయినా స్టూడియోలో అది కనిపిస్తూనే ఉంది, కొనేవాళ్లకు అది కావాలి కనుక. ఆవిరి యంత్రాల కాలంలో అంతా మారిపోతోంది, అభివృద్ధి వచ్చి అన్నీ చెరిపేయకముందే వీటిని ఫోటోలలో నిలపాలి అని ఆడ్రియన్ స్వయంగా రాసుకున్నాడు. అంటే మారుతున్న బేరూత్ వాళ్లకు తెలుసు. తెలిసే, మారని బేరూత్‌ను అమ్మారు.

టోక్యో తెలుగమ్మాయి

ఇదే కథ జపాన్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెప్పకుండా ఉండలేకపోతున్నా.

ఫెలీచే బియాటో అని ఒకాయన. 1858లో మన లక్నోలో తిరుగుబాటు తర్వాతి శిథిలాలను తీసినవాడే. 1863లో యోకోహామా చేరాడు. 1866 అగ్నిప్రమాదంలో స్టూడియో కాలిపోతే మళ్లీ మొదటినుంచి తీసి, 1868కల్లా ఆల్బమ్‌లు సిద్ధం చేశాడు. ఒకదానిలో ఊళ్లు, కొండలు, ఇంకోదానిలో మనుషులు. ప్రింట్లకు రంగులు వేయడానికి జపాన్ చిత్రకారులనే పెట్టుకున్నాడు. నీటిరంగుల్లో ఆరితేరిన చేతులు కనుక ఆ పనిలో మంచి నాణ్యత ఉంటుంది. 1877లో సరుకంతా స్టిల్‌ఫ్రీడ్ అనే ఆస్ట్రియా దొరకు అమ్మేశాడు.

అసలు చెప్పాలనుకున్నది సమురాయ్‌ల గురించి. 1876లో కత్తి కట్టుకుని తిరగడం మీద ప్రభుత్వం నిషేధం పెట్టింది. సమురాయ్ వర్గమే రద్దయిపోయింది. కానీ స్టూడియోల్లో కవచాలు తొడిగిన 'సమురాయ్'లు 1880ల్లో, 90ల్లో కూడా పుడుతూనే ఉన్నారు. కూలికి వచ్చిన మనుషులకు అద్దె కవచాలు!

ఇలాంటి ఫోటోలు తీసినవాళ్లలో జపాన్‌వాళ్లూ ఉన్నారు. కుసాకాబె కింబెయి 1881లో సొంత స్టూడియో తెరిచాడు. ఆయనది 'గాలివానలో అమ్మాయి' అనే ఫోటో చూడండి. గొడుగు పట్టుకుని ముందుకు వంగిన అమ్మాయి, కిమోనో అంచు గాలికి ఎగురుతోంది, ఏటవాలుగా వాన. తీసింది గది లోపలే. కిమోనో అంచును తీగతో లాగి కట్టారు. వాన చినుకులు నెగెటివ్ మీద సూదిమొనతో గీసిన గీతలు. నాకు ఆ ఫోటో చాలా ఇష్టం. అది మోసం అని నాకెప్పుడూ అనిపించలేదు. కొనే విదేశీయుడికి కావలసింది ఇస్తూనే, తన చేతి నేర్పును అందులో దాచుకున్న పనివాడు కనిపిస్తాడు.

ఎర్రతోట

కింబెయి సంగతి ఒప్పుకుంటాను. సొంత మనుషులు తీస్తే చూపు కొంత మారుతుంది. కానీ కూర్చున్న అమ్మాయికి ఏం దక్కింది? ఆమె పేరు ఎక్కడా లేదు. నా గొడవ అదే.

పాతబస్తీ

ఇందాకటి సంది చదువుతున్న. కూసున్నోళ్లకు ఏం దక్కిందని ఎర్రతోట అన్న అడిగిండు కాబట్టి మన హైదరాబాద్ ముచ్చట ఒకటి చెప్పాలె.

లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌ల స్టూడియో పెట్టినంక, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుల ఫోటోగ్రాఫర్ అయిండు. 1892ల హైదరాబాద్‌ల జెనానా స్టూడియో అని ఇంకోటి తెరిచిండు. పరదా పాటించే ఆడోళ్ల కోసమే. చుట్టూ ఎత్తు గోడలు, లోపలికి మగోళ్లు రావొద్దు. ఫోటోలు తీసేది గూడ ఆడమనిషే, కెన్నీ లెవిక్ అని ఇంగ్లీషామె నడిపింది.

లిడీ బేరూత్‌ల చేసింది, ఈమె హైదరాబాద్‌ల చేసింది, పైకి ఒక్కతీరే కనిపిస్తది. ఆడమనిషి కెమెరా పట్టుకుంటెనే ఇంకో ఆడమనిషి ముందుకొచ్చింది. ఫరక్ ఎక్కడున్నదంటే, హైదరాబాద్ బేగములు పైసలిచ్చి తమ ఫోటో తాము తీపిచ్చుకున్నరు. ఏ బట్ట కట్టాల్నో, ఏ సొమ్ము పెట్టుకోవాల్నో వాళ్లదే ఇష్టం. ఫోటో వాళ్ల ఇంటికే పోయింది. బేరూత్‌ల కూసున్నామె ఫోటో మాత్రం ఎవరో పరాయి దేశపోళ్ల ఆల్బమ్‌లకు పోయింది. నన్నడిగితే ఫోటో కింద రాసిన పేరు కంటె, ఆ ఫోటో ఎవరి ఇంటికి పోయింది అన్నదే పెద్ద సవాల్.

గాజుపలక

పాతబస్తీ గారూ, ఈ ప్రశ్న నా వ్యాసానికి చాలా పనికొస్తుంది. చాలా థాంక్స్. డబ్బు ఎవరు కట్టారు, ప్రింటు ఎవరి చేతికి వెళ్లింది అనే కోణంలో నేను ఆలోచించలేదు.

ఆ ఊళ్లవాళ్లే నడిపిన స్టూడియోల గురించి ఎవరైనా చెప్పగలరా? ఇస్తాంబుల్, జెరూసలేం వైపు.

దోహా నుంచి

నేను చెప్తాను, పదేళ్లుగా ఇటువైపే ఉంటున్నాను, ఈ పాత ఫోటోల పిచ్చి ఇక్కడే అంటుకుంది.

ఇస్తాంబుల్‌లో పాస్కల్ సెబా 1857లో స్టూడియో తెరిచాడు. 1873 వియన్నా ప్రదర్శన కోసం ఆటోమన్ సామ్రాజ్యం అన్ని ప్రాంతాల దుస్తుల మీద 74 ఫోటోల పెద్ద పుస్తకం తెచ్చింది. ఫోటోలు సెబావి, పర్యవేక్షణ చిత్రకారుడు ఉస్మాన్ హమ్దీ బేది. గాజుపలక గారూ, మీ విషయానికి ఇది తప్పక చూడాల్సినది. అందులో వేసుకున్న బట్టలు తెప్పించిన అసలైన బట్టలు. తొడుక్కున్న మనుషులు మాత్రం చాలావరకు మోడళ్లు. ఒకే మొహం వేర్వేరు ఊళ్ల బట్టల్లో కనిపిస్తుంది. అంటే దుస్తులకు అది మంచి సాక్ష్యమే, మనుషులకు కాదు. ఉస్మాన్ హమ్దీ తన చిత్రాల కోసం తానే తూర్పుదేశపు వేషాలు వేసుకుని ఫోటోలు తీయించుకునేవాడు. వేషం కట్టడం యూరప్‌వాళ్ల సొత్తు మాత్రమే కాదన్నమాట.

అబ్దుల్లా సోదరులు ఆర్మీనియన్లు. 1863 నుంచి సుల్తాన్ అబ్దుల్ అజీజ్ ఆస్థాన ఫోటోగ్రాఫర్లు. వీధి వ్యాపారులు, ముసుగు స్త్రీలు అంటూ యాత్రికులకు అమ్మే బొమ్మలు వీళ్లూ తీశారు. కానీ తర్వాత సుల్తాన్ అబ్దుల్ హమీద్ అమెరికాకు పంపిన 51 ఆల్బమ్‌లలో ప్రధానంగా పనిచేసిన స్టూడియోల్లో వీళ్లదీ ఒకటి. 1,800కి పైగా ఫోటోలు, ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో అందరికీ దొరుకుతాయి. అందులో ఫెంటన్ తరహా అంతఃపుర దృశ్యాలు లేవు. ఆసుపత్రులు, అగ్నిమాపక దళాలు, ఓడలు, బడిపిల్లలు ఉన్నాయి. ఆడపిల్లలు యూనిఫారంలో చేతిలో సర్టిఫికెట్ పట్టుకుని సూటిగా కెమెరాలోకి చూస్తారు. అదే స్టూడియో, అదే గాజు కప్పు, అదే పనివాళ్లు. డబ్బిచ్చినవాడు మారాడు, ఫోటో మారింది. పాతబస్తీ అన్న చెప్పిన మాట ఇక్కడా సరిపోతుంది.

జెరూసలేంలో ఆర్మీనియన్ మఠంలోనే ఫోటోగ్రఫీ నేర్పేవారు. నేర్పిన యెస్సాయి గరబెదియన్ తర్వాత అక్కడి మతపెద్ద అయ్యాడు. ఆయన శిష్యుడు గరబెద్ క్రికోరియన్. 20వ శతాబ్దంలోకి వస్తే కరీమె అబ్బూద్ అనే పాలస్తీనా మహిళ ఉంది. 1893లో పుట్టింది, 1940లో చనిపోయింది. ఆవిడ ఫోటోల్లో ఆడవాళ్లు తమ ఇళ్లలో, తమ కుర్చీల్లో, పిల్లలతో ఉంటారు. ఏ 'రకం' కిందికీ రారు.

పేరు చెరిపేయడం గురించి ఒక ఉదాహరణ. స్టూడియో కథ కాదు గాని చెప్పుకోవాలి. 1880ల్లో మక్కాలో అబ్దుల్ గఫార్ అనే వైద్యుడు అక్కడి మనుషులను, యాత్రికులను ఫోటోలు తీశాడు. ప్లేటు మీద అందంగా తన పేరు రాసుకునేవాడు. వాటిని డచ్ పండితుడు స్నూక్ హుర్గ్రోన్యే 1889లో అచ్చువేసినప్పుడు ఆ సంతకాలు చెరిపేసి ఉన్నాయి. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

కెమెరా తాతయ్య

చెరిపిన సంతకం మాట విని మనసు చివుక్కుమంది. టచింగ్ కుంచె పట్టుకున్న చేతులకు ఆ పని ఎలా చేస్తారో తెలుసు. అందుకే బాధ.

గాజుపలక గారు పంపిన ద్రూజ్ స్త్రీ ఫోటోను పెద్దది చేసి చూశాను. నేను చూసింది చెప్తాను. మనం స్టూడియోలో తాజ్‌మహల్ పరదా ముందు కూర్చోబెట్టి ఫోటో తీస్తే ఆ కుటుంబం ఆగ్రా వెళ్లినట్టు కాదు. కానీ ఆ కుటుంబం నిజమే, ఆ పట్టుచీర నిజమే. ఇదీ అంతే అనుకుని చూడాలి. ఈమె వెనక వేలాడుతున్నది ఖాళీ గుడ్డ. కింద చాప. వెలుతురు ఎడమ పైనుంచి పడుతోంది. కొమ్ము బరువుకు మెడ కొంచెం బిగిసింది. అలవాటున్న మనిషి మోసినట్టు లేదు. కుడిచేతి వేళ్లు మాత్రం చెదిరాయి, అంటే లెక్కపెడుతున్న ఆ కొద్ది సెకన్లలో అవి కదిలాయి. వేళ్ల కణుపులు లావుగా ఉన్నాయి, పనిచేసే చేతులు. ఇది ఏ క్యాప్షన్లోనూ రాయలేదు. ప్లేటు మాత్రం పట్టుకుంది.

ఎర్రతోట

తాతయ్య గారూ, ఇలా చూడటం నేర్పితే ఈ ఫోటోలు వ్యాసంలో ఉండాలనే నేనూ అంటాను. 'ద్రూజ్ స్త్రీ' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మాత్రం వద్దు. అల్జీరియా పోస్టుకార్డుల్లో ఒకే అమ్మాయి, అదే బట్టలతో, ఒకదాని కింద 'బెదూయిన్ యువతి', ఇంకోదాని కింద 'కబీల్ యువతి' అని రెండు జాతులుగా అమ్ముడుపోయింది. ఆ పని మనం చేయొద్దు.

సెపియా

ఇంకో పనికొచ్చే సంగతి. ఫోటో అడుగున ఉన్న నంబరును నోట్ చేసుకోండి. బాన్‌ఫిల్స్ వాళ్లు కేటలాగులు అచ్చువేశారు, నంబరు చూసి ఆర్డర్ ఇచ్చేవారు. దగ్గరి నంబర్లలో ఉన్న ఫోటోలు తెచ్చి పక్కపక్కన పెట్టండి. అదే చాప, అదే గుడ్డ, ఒక్కోసారి అదే మనిషి ఇంకో పేరుతో దొరకొచ్చు. ఆవిడ ఎవరో తెలియకపోయినా, ఆ మధ్యాహ్నం స్టూడియోలో ఇంకెవరు ఉన్నారో కొంత తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: 1909లో భాగస్వామిగా చేరిన అబ్రహాం గిరగోసియన్ తర్వాత వ్యాపారం మొత్తం కొనుక్కుని పాత ప్లేట్ల నుంచే ప్రింట్లు అమ్మాడు. కాబట్టి ప్రింటు తేదీ వేరు, ఫోటో తేదీ వేరు.

చూడటానికి హార్వర్డ్ వాళ్ల సంగ్రహం మంచిది. 1970లో అక్కడి సెమిటిక్ మ్యూజియంలో బాంబు పేలినప్పుడు, అటకమీద మర్చిపోయిన ఫోటో పెట్టెలు బయటపడ్డాయి. బాన్‌ఫిల్స్ ఫోటోలు వాటిలో వందల్లో ఉన్నాయి.

గాజుపలక

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇలా నిర్ణయించాను. దుస్తుల వివరాలకు సెబా 1873 పుస్తకాన్ని ఆధారం చేసుకుంటాను. బాన్‌ఫిల్స్ ఫోటోను తీసేయను, 'స్టూడియోల్లో దుస్తులు' అని కొత్త విభాగం పెట్టి అందులోకి మారుస్తాను. రంగుల గురించి ఒక్క వాక్యం కూడా ఫోటో చూసి రాయను. కింద ఈ క్యాప్షన్ ఎలా ఉందో చెప్పండి:

'తంతూర్ ధరించి స్టూడియోలో నిలబడిన స్త్రీ, పేరు నమోదు కాలేదు. బాన్‌ఫిల్స్ స్టూడియో, బేరూత్, 1870లు. యాత్రికులకు అమ్మకానికి తీసినది. ఫ్రెంచి శీర్షికలో 'లెబనాన్ ద్రూజ్ స్త్రీ' అని ఉంది. ఈ స్టూడియోలోని స్త్రీల చిత్రాల్లో చాలావాటిని లిడీ బాన్‌ఫిల్స్ తీసినట్టు పరిశోధకులు భావిస్తున్నారు.'

పాతబస్తీ

మంచిగున్నది. 'శీర్షికలో' అనే కాడ 'స్టూడియో పెట్టిన శీర్షికలో' అని రాయి అన్నా. ఆమె చెప్పుకున్న మాట కాదు గదా అది.

గాజుపలక

మార్చాను. రేపు దగ్గరి నంబర్ల ఫోటోలు ఇక్కడే పెడతాను. తాతయ్య గారూ, వాటిలో చేతులు కూడా చూసి చెప్పాలి మీరు.